రొమ్ము కాన్సర్ - శస్త్రచికిత్స ఎంపికలో సందేహాలు

రొమ్ము కాన్సర్ నిర్ధారణ అయిన స్త్రీ తొలుత ఎదుర్కొనే ప్రశ్నలలో శస్త్రచికిత్స ఎంపిక ముఖ్యమైనది. కణితిని, దాని చుట్టూ ఉన్న కొద్దిపాటి కణజాలాన్ని మాత్రమే తొలగించి రొమ్మును నిలుపుకొనడం ఒక మార్గం. దీనిని రొమ్ము సంరక్షణ శస్త్రచికిత్స లేదా లంపెక్టమీ అంటారు. దీని తరువాత సాధారణంగా రేడియేషన్ చికిత్స ఇస్తారు. రొమ్మును పూర్తిగా తొలగించడం రెండవ మార్గం. దీనిని మాస్టెక్టమీ అంటారు. తొలి దశలో కనుగొన్న వ్యాధిలో చాలామందికి ఈ రెండూ వీలవుతాయి. దేనిని ఎంచుకున్నా ఆయుర్దాయంలో తేడా ఉండదని దీర్ఘకాలిక పరిశోధనలు తేల్చాయి. అయినప్పటికీ "మొత్తం తీయించుకుంటే మంచిదేమో" అనే అనుమానం నిర్ణయానికి ముందూ, తరువాతా కూడా చాలామందిని వేధిస్తుంది.

చారిత్రక నేపథ్యం

ఎంత ఎక్కువ తొలగిస్తే అంత క్షేమం అనే భావనకు వంద సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉన్నది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన విలియం హాల్‌స్టెడ్ 1894లో తన శస్త్రచికిత్సా ఫలితాలను ప్రచురించాడు. ఈ పద్ధతిలో రొమ్ముతో పాటు దాని క్రింద ఉన్న ఛాతీ కండరాలను, చంకలోని లింఫు గ్రంథులను కూడా తొలగించేవారు. కాన్సర్ పుట్టినచోటి నుండి క్రమంగా చుట్టుప్రక్కలకు ప్రాకుతుందనీ, దానికంటె ముందుగా విస్తారంగా కోసివేస్తే వ్యాధి నశిస్తుందనీ ఆనాటి నమ్మకం. ఇరవయ్యవ శతాబ్దంలో అధికభాగం ఈ పద్ధతే అమలులో ఉండినది.

అప్పట్లో రోగికి ఎంపిక అనేదే ఉండేది కాదు. మత్తుమందు ఇచ్చి గడ్డలో ముక్క తీసి పరీక్షించేవారు. కాన్సర్ అని తేలితే అదే మత్తులో రొమ్మును తొలగించేవారు. మెలకువ వచ్చిన తరువాతనే ఆ స్త్రీకి జరిగినది తెలిసేది. 1974లో ఈ వ్యాధికి గురైన అమెరికన్ పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ ఈ పద్ధతిని ప్రతిఘటించి, పరీక్షకూ శస్త్రచికిత్సకూ నడుమ రోగికి ఆలోచించుకొనే వ్యవధి ఉండాలని ఉద్యమించింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం ఈ రెండంచెల విధానాన్నే సిఫారసు చేసింది. ఈనాడు రోగికి ప్రాప్తిస్తున్న "నిర్ణయించుకొనే బాధ" ఒకప్పుడు పోరాడి సాధించుకున్న హక్కు అని గుర్తుంచుకోవాలి.

పరిశోధనలు తేల్చినది

ఇటలీలోని మిలాన్ నగరంలో ఉంబెర్తో వెరొనేసి 1973-1980 మధ్య 2 సెంటీమీటర్లకు మించని కణితి గల 701 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించి పరిశోధించాడు. ఒక వర్గానికి హాల్‌స్టెడ్ పద్ధతిలోనూ, రెండవ వర్గానికి రొమ్ములో నాలుగవ భాగాన్ని తీసి రేడియేషన్ ఇచ్చే పద్ధతిలోనూ చికిత్స జరిగింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన 1976లో బి-06 అనే పరిశోధన మొదలయింది. ఇందులో 4 సెంటీమీటర్ల వరకు కణితి గలవారిని చేర్చుకున్నారు. ఈ రెండు పరిశోధనల ఇరవై ఏళ్ళ ఫలితాలు 2002లో వెలువడ్డాయి.

* బి-06లో 1,851 మంది వివరాలను విశ్లేషించారు. ఇరవై ఏళ్ళ తరువాత మాస్టెక్టమీ పొందినవారిలో 47 శాతం, లంపెక్టమీతో రేడియేషన్ పొందినవారిలో 46 శాతం జీవించి ఉన్నారు. ఈ తేడా లెక్కకు రానంత స్వల్పం.
* లంపెక్టమీ తరువాత రేడియేషన్ పొందినవారిలో 14.3 శాతం మందికి అదే రొమ్ములో వ్యాధి తిరగబెట్టింది. రేడియేషన్ లేనివారిలో ఇది 39.2 శాతం.
* మిలాన్ పరిశోధనలో సంరక్షణ పద్ధతి పొందినవారిలో 30 మందికి, హాల్‌స్టెడ్ పద్ధతి పొందినవారిలో 8 మందికి వ్యాధి అదే చోట తిరగబెట్టింది. మరణాల నిష్పత్తి మాత్రం రెండు వర్గాలలోనూ దాదాపు సమానం.

ఈ అంకెలలో ఒక చిక్కు కనబడుతుంది. రొమ్మును నిలుపుకున్నవారిలో వ్యాధి కొంత ఎక్కువగా తిరగబెట్టినప్పుడు మరణాలు ఎందుకు సమానంగా ఉన్నాయి? రొమ్ములో ఉన్న కణితి ప్రాణం తీయదు. ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి చేరిన కణాలే ప్రాణాంతకం. అలా చేరవలసినవి చాలావరకు శస్త్రచికిత్సకు ముందే చేరి ఉంటాయి. ఎంత విస్తారంగా కోసినా కత్తి వాటిని అందుకోలేదు. వాటి సంగతి కీమోథెరపీ, హార్మోను చికిత్స వంటివి చూడాలి. భీమవరంలో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వాన లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేట్, రొమ్ము కాన్సర్‌కు వాడిన తొలితరం కీమోథెరపీ మిశ్రమాలలో ఒక భాగం కావడం తెలుగువారికి గర్వకారణం.

అయితే రేడియేషన్‌ను తేలికగా తీసుకోరాదు. 10,801 మంది స్త్రీలు పాల్గొన్న 17 పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2011లో వచ్చింది. సంరక్షణ శస్త్రచికిత్స తరువాత రేడియేషన్ ఇచ్చినప్పుడు 15 ఏళ్ళలో ఈ వ్యాధి వలన మరణించే అవకాశం 25.2 శాతం నుండి 21.4 శాతానికి తగ్గిందని అది తేల్చింది. వయసు మళ్ళిన, అపాయం తక్కువగా ఉన్న కొందరికి మాత్రమే వైద్యులు దీనిని మినహాయిస్తారు.

సాధారణంగా కలిగే సందేహాలు

ఆ పరిశోధనలను నమ్మవచ్చునా? ఈ సందేహం ఒకసారి లక్షలాది మందికి కలిగింది. బి-06లో పాల్గొన్న మాంట్రియల్ వైద్యుడొకరు కొందరు రోగుల వివరాలను తారుమారు చేసినట్లు 1994లో బహిరంగమయింది. లంపెక్టమీ చేయించుకున్న స్త్రీలు తీవ్రమైన ఆందోళన చెందారు. ఆ వైద్యుని రోగులను పూర్తిగా తొలగించి మళ్ళీ లెక్కించగా ఫలితం మారలేదు. మిలాన్ పరిశోధన కూడా విడిగా అదే సంగతిని చెప్పింది.

రెండు రొమ్ములూ తీయించుకుంటే నిశ్చింత కదా? 2013లో నటి ఏంజెలీనా జోలీ రెండు రొమ్ములనూ తీయించుకున్నట్లు ప్రకటించిన తరువాత ఈ ప్రశ్న ఎక్కువయింది. కాని ఆమెకు అప్పటికి కాన్సర్ లేదు. బి.ఆర్.సి.ఎ.1 అనే జన్యువులో లోపం వంశపారంపర్యంగా సంక్రమించినందున ముందుజాగ్రత్తగా ఆ పని చేసింది. అటువంటి లోపం లేనివారిలో రెండవ రొమ్ముకు కొత్తగా కాన్సర్ వచ్చే అవకాశం సంవత్సరానికి సుమారు అర శాతం లేదా అంతకు తక్కువ. రెండవ రొమ్మును తీసివేసినా మొదటి కాన్సర్ వలన ఉన్న అపాయం తగ్గదు. కుటుంబంలో దగ్గరి రక్తసంబంధీకులకు రొమ్ము లేదా అండాశయ కాన్సర్ వచ్చి ఉంటే జన్యు పరీక్ష గురించి శస్త్రచికిత్సకు ముందే అడగడం మంచిది.

మాస్టెక్టమీ తరువాత వ్యాధి తిరగబెట్టదా? అవకాశం తక్కువే గాని పూర్తిగా పోదు. ఛాతీ చర్మంలోనో మచ్చ వద్దనో తిరగబెట్టవచ్చు. కణితి పెద్దదైనా, చంక గ్రంథులకు వ్యాధి ప్రాకినా మాస్టెక్టమీ తరువాత కూడా రేడియేషన్ అవసరం కావచ్చు.

సూది గుచ్చితే, కత్తి పెడితే వ్యాధి ఒళ్ళంతా ప్రాకుతుందా? మన ప్రాంతంలో ఈ నమ్మకం బలంగా ఉన్నది. ఇది సరికాదు. సూదితో చేసే బయాప్సీ వలన వ్యాధి ముదరదు. ఈ భయంతో చికిత్సను వాయిదా వేయడమే అసలు అపాయం.

ఆలోచించుకుంటూ ఉంటే ఆలస్యం కాదా? చాలామందిలో కణితి కనబడేనాటికే కొన్ని సంవత్సరాలుగా పెరుగుతూ ఉంటుంది. రెండు మూడు వారాలు ఆలోచనకు, మరొక వైద్యుని అభిప్రాయానికి వెచ్చించినందున సాధారణంగా నష్టం ఉండదు. నెలల తరబడి జాప్యం హానికరం. వాపు, ఎరుపుతో త్వరగా వ్యాపించే రకమైతే వెంటనే చికిత్స ప్రారంభించాలి.

మాస్టెక్టమీ తప్పనిసరి అయ్యే సందర్భాలు

రొమ్ములో వేరువేరు భాగాలలో కణితులు విస్తరించినప్పుడు, అదే చోట గతంలో రేడియేషన్ పొందినప్పుడు, ఎన్నిసార్లు కోసినా అంచులలో కాన్సర్ కణాలు మిగిలినప్పుడు మాస్టెక్టమీయే మేలని వైద్యులు చెబుతారు. కణితి పెద్దదైనప్పుడు ముందుగా కీమోథెరపీ ఇచ్చి, అది కుంచించుకుపోయిన తరువాత రొమ్మును నిలుపగలుగుతున్నారు. మాస్టెక్టమీ తరువాత పొట్ట లేదా వీపు కణజాలంతో గాని, సిలికాన్ అమరికతో గాని రొమ్మును పునర్నిర్మించవచ్చు. ఇది వెంటనే చేయించుకొనకపోయినా తరువాత చేయించుకొనవచ్చు. అసలు వద్దనుకొనడమూ సరైన నిర్ణయమే.

తెలుగునాట పరిస్థితులు

మనదేశ స్త్రీలలో అత్యధికంగా కనబడే కాన్సర్ ఇదే. ఇక్కడ ఎంపికను వైద్యశాస్త్రంతో పాటు దూరాభారం, ఖర్చు కూడా నిర్ణయిస్తాయి. సంరక్షణ పద్ధతి ఎంచుకుంటే మూడు నుండి అయిదు వారాలు, వారానికి అయిదు రోజులు రేడియేషన్‌కు వెళ్ళవలసి ఉంటుంది. ఆ సదుపాయం ఎక్కువగా హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలోనే ఉన్నది. పల్లె నుండి వచ్చే రోగికి బస, తోడు మనిషి, పోగొట్టుకొనే కూలి అన్నీ సమస్యలే. అయిదు రోజులలో ముగిసే రేడియేషన్ పద్ధతి కూడా తగిన రోగులలో పనిచేస్తుందని బ్రిటన్ పరిశోధన 2020లో తెలిపింది. మీకు అది వీలవుతుందేమో అడిగి తెలుసుకొనాలి. దూరం కారణంగా మాస్టెక్టమీ ఎంచుకున్న స్త్రీ తక్కువ చికిత్స పొందినట్లు కాదు. లంపెక్టమీ చేయించుకొని రేడియేషన్ మధ్యలో మానివేయడం మాత్రం ప్రమాదకరం.

మరొక సమస్య కుటుంబంలో ఉన్నది. రోగి భయపడుతుందని వ్యాధి పేరు కూడా చెప్పకుండా భర్త, కొడుకులు, అన్నదమ్ములే నిర్ణయం తీసుకొనడం తరచుగా జరుగుతుంది. "ఈ వయసులో నీకెందుకమ్మా" అనే మాట ప్రేమతోనే వస్తుంది. కాని శరీరం ఆమెది, ఆ నిర్ణయంతో మిగిలిన జీవితమంతా గడపవలసినది ఆమె. కుటుంబం తోడుగా ఉండాలి, ఆమె తరఫున నిర్ణయించరాదు.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు

* నా కణితి పరిమాణం, దశ, రకం ఏమిటి? నాకు రెండు మార్గాలూ వీలవుతాయా? వీలు కాకపోతే కారణమేమిటి?
* లంపెక్టమీ తరువాత అంచులలో కణాలు మిగిలితే మళ్ళీ శస్త్రచికిత్స చేయవలసి వస్తుందా?
* చంకలో ఎన్ని గ్రంథులు తీస్తారు? చెయ్యి వాపు వచ్చే అవకాశమెంత?
* రేడియేషన్ ఎన్ని రోజులు, ఎక్కడ? ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏయే చికిత్సలు వస్తాయి?

అడిగేటప్పుడు ఒక మనిషిని వెంట తీసుకువెళ్ళి, జవాబులను కాగితంపై వ్రాసుకొనడం మంచిది. కలవరంలో విన్నది ఇంటికి వచ్చేసరికి గుర్తుండదు.

శస్త్రచికిత్స అనంతరం

నిర్ణయం తరువాత కూడా సందేహం రావడం సహజం. ఏడాదికొకసారి మమోగ్రామ్ సమయం వచ్చినప్పుడు రొమ్మును నిలుపుకున్న స్త్రీకి, అద్దం ముందు నిలుచున్నప్పుడు తీయించుకున్న స్త్రీకి "రెండవదే మేలేమో" అనిపించవచ్చు. ఆ తలంపు నిర్ణయం తప్పనడానికి సాక్ష్యం కాదు. ఇటువంటప్పుడు ఆనాడు తన ముందున్న వివరాలు, తాను దేనికి ప్రాధాన్యమిచ్చినది వ్రాసిపెట్టుకున్న కాగితం ఎంతో ఉపకరిస్తుంది. నిద్రలేమి, దిగులు వారాల తరబడి వీడకపోతే వైద్యునికి చెప్పాలి. దానికీ చికిత్స ఉన్నది. వ్యాధి తరువాత తిరగబెట్టినా అది ఎంపికకు శిక్ష కాదు. రెండు మార్గాలలోనూ కొందరికి తిరగబెడుతుంది, రెండు మార్గాలలోనూ ఎందరో దీర్ఘకాలం జీవిస్తున్నారు.