చావు నేర్పే చదువు

వీడియో గేమ్‌ను అత్యంత కఠిన స్థాయిలో ఆడితే వేళ్ల చురుకుదనం కన్నా ముందు ఆలోచనకే పరీక్ష. ‘మాస్ ఎఫెక్ట్ 2’లోని ఇన్‌సానిటీ స్థాయి ఆ సంగతిని గట్టిగానే రుజువు చేస్తుంది

గోడ చాటున నక్కితే ప్రాణం దక్కుతుందన్నది తుపాకీ ఆటల్లో తొలి పాఠం. ‘మాస్ ఎఫెక్ట్ 2’లో హొరైజన్ గ్రహం మీద అడుగుపెట్టాక ఆ పాఠం అక్కరకు రాదు. సయాన్ అనే భారీ జీవి దూరం నుంచే నేల అదిరేలా ఓ తరంగాన్ని వదులుతుంది. గోడ వెనక దాక్కున్న వారినీ అది విడిచిపెట్టదు. పోనీ పక్కకు జరుగుదామంటే హస్క్‌లనే నడిచే శవాలు గుంపుగా పరుగెత్తుకొచ్చి మీద పడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొద్ది క్షణాల్లో కమాండర్ షెపర్డ్ నేలకూలతాడు. కాసేపటికి తెర మీద మళ్లీ పాత చోటే ప్రత్యక్షమవుతుంది.

ఇదే యుద్ధాన్ని మామూలు స్థాయిలో ఆడితే పెద్దగా చెమట పట్టదు. ఇన్‌సానిటీ స్థాయిలో మాత్రం చేయి తిరిగిన వారు కూడా పదేపదే చావాల్సిందే. ఆ మాటకు అర్థమే పిచ్చి. కథ అదే, తుపాకులు అవే, గెలిచాక కనిపించే దృశ్యాలూ అవే. అలాంటప్పుడు ఆఫీసు పని ముగించుకుని ఇంటికొచ్చిన మనిషి తీరిక వేళలో ఈ పిచ్చిని కోరి నెత్తికెత్తుకోవడం ఎందుకు? మొండితనం ఒక కారణం కావచ్చు. అంతకన్నా బలమైన కారణం మరొకటుంది. ఆ స్థాయికి వచ్చేసరికి అది వేరే ఆటగా మారిపోతుంది.

రెండు పడవల ప్రయాణం

కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో 1995లో మొదలైన బయోవేర్ సంస్థ ఈ ఆటను తయారుచేసింది. దాని వ్యవస్థాపకులు రే ముజైకా, గ్రెగ్ జెష్చుక్, అగస్టీన్ యిప్‌లు ముగ్గురూ వైద్యం చదివినవారే. ‘మాస్ ఎఫెక్ట్’ తొలి భాగం 2007 నవంబరులో, రెండోది 2010 జనవరిలో, మూడోది 2012 మార్చిలో విడుదలయ్యాయి. ఆ మూడింటికీ మెరుగులు దిద్ది 2021 మేలో ‘లెజెండరీ ఎడిషన్’ పేరుతో ఒకే కట్టగా మళ్లీ విడుదల చేయడంతో కొత్త తరం కూడా ఆ లోకంలోకి అడుగుపెట్టింది.

ఈ ఆట రెండు పడవల మీద కాళ్లు పెడుతుంది. ఒకటి రోల్ ప్లేయింగ్. షెపర్డ్ మగవాడా, ఆడమనిషా, ఎలాంటి శక్తులున్నవారు, ఎవరితో ఎలా మాట్లాడతారు అన్నవన్నీ ఆడేవారే నిర్ణయిస్తారు. రెండోది షూటర్. గురి చూసి కాల్చడం, చాటుకు తప్పుకోవడం. సులువైన స్థాయిలో ఆడినప్పుడు ఈ రెండూ విడివిడిగానే నడుస్తాయి. కాసేపు కబుర్లు, కాసేపు కాల్పులు. వెంట ఎవరిని తీసుకెళ్లినా పని జరిగిపోతుంది. సహచరులు తోడున్న బొమ్మల్లా మిగిలిపోతారు.

ఆటలో ఐదు స్థాయిలున్నాయి: క్యాజువల్, నార్మల్, వెటరన్, హార్డ్‌కోర్, ఇన్‌సానిటీ. పైకి వెళ్లేకొద్దీ శత్రువుల దెబ్బ గట్టిదవుతుందన్నది ఎవరైనా ఊహించేదే. అసలు మార్పు వేరే చోట ఉంది. కింది స్థాయుల్లో ముఠా నాయకులకో, బలమైన రాక్షసులకో మాత్రమే ఉండే రక్షణ పొర ఇన్‌సానిటీలో దాదాపు ప్రతి శత్రువుకూ ఉంటుంది. ఆ పొరలు మూడు రకాలు: షీల్డ్, బారియర్, ఆర్మర్.

ఈ చిన్న మార్పుతో లెక్కలన్నీ తలకిందులవుతాయి. షెపర్డ్‌కు బయోటిక్ శక్తులుంటే నార్మల్ స్థాయిలో శత్రువును గాలిలోకి లేపి గిరాటేయవచ్చు. ఇన్‌సానిటీలో ఆ శక్తి పనిచేయాలంటే ముందు పొర ఊడాలి. పొర ఊడేసరికి శత్రువులో ఎలాగూ కొన ఊపిరే మిగులుతుంది. అందుకే నార్మల్‌లో ఆడుతూ పాడుతూ నెగ్గుకొచ్చే అడెప్ట్ తరగతి ఇక్కడ చెమటోడ్చాల్సి వస్తుంది. సాదాసీదా హస్క్‌లకు సైతం ఆర్మర్ తొడుగు ఉంటుంది కాబట్టి ఒక్క విసురుతో వాటిని వదిలించుకునే చిట్కా చెల్లదు.

ఏ తాళానికి ఏ చెవి

మూడు పొరలకూ వేర్వేరు విరుగుళ్లున్నాయి. షీల్డ్‌ను ఓవర్‌లోడ్ కూలుస్తుంది. ఆర్మర్‌ను ఇన్సినరేట్ కాలుస్తుంది. బారియర్ మీద, ఆర్మర్ మీద వార్ప్ పనిచేస్తుంది. తుపాకుల్లోనూ అంతే. సబ్‌మెషీన్ గన్ షీల్డ్‌లకూ బారియర్లకూ సరిపోతుంది. ఆర్మర్‌కు భారీ పిస్తోలో, స్నైపర్ రైఫిలో కావాలి. పైగా తొలి భాగంలో లేని తూటాల కరవు రెండో భాగంలో ఉంది. థర్మల్ క్లిప్‌లు అయిపోతే చేతిలోని రైఫిల్ ఉత్త ఇనప ముక్క. శత్రువు పొర మందమైనకొద్దీ అవి త్వరగా ఖర్చవుతాయి. ఎక్కడ ఏది వాడాలో తెలియక కాల్చుకుంటూ పోతే యుద్ధం సగంలో ఉండగానే చేతులు ఖాళీ.

ఈ దశలోనే రోల్ ప్లేయింగ్ పడవ అవసరం తెలిసొస్తుంది. షెపర్డ్ వెంట ఇద్దరే సహచరులు రాగలరు. కలెక్టర్లకు బారియర్ ఉంటుంది, గెత్ యంత్రాలకు షీల్డ్, బ్లడ్ ప్యాక్ ముఠాకు ఆర్మర్. వెళ్లేది ఎవరి మీదికో ముందే తెలుసుకుని, వారి పొరను ఒలిచే శక్తి ఎవరికుందో చూసి జట్టు కట్టాలి. ఓవర్‌లోడ్, వార్ప్ రెండూ తెలిసిన మిరాండాను కఠిన స్థాయిలో ఆడేవారు తరచూ వెంట తీసుకెళ్లడానికి కారణం ఇదే. శాస్త్రవేత్త మోర్డిన్ ఇన్సినరేట్‌తో ఆర్మర్ సంగతి చూసుకుంటాడు.

సహచరులకు సొంత కథలూ ఉన్నాయి. తన వారిని శత్రువుకు పట్టించిన ద్రోహిని గారస్ వెతుకుతుంటాడు. టాలీ మీద రాజద్రోహం విచారణ జరుగుతుంటుంది. జేకబ్ కనిపించకుండా పోయిన తండ్రి జాడ కోసం చూస్తుంటాడు. వారి గోడు విని, వెంట వెళ్లి ఆ చిక్కు తీరిస్తే విధేయత దక్కుతుంది. దాంతోపాటు ఓ కొత్త శక్తి కూడా అందుతుంది. కథలంటే విసుగుపడి దాటేసే ఆటగాడు కూడా ఇన్‌సానిటీలో ఆ శక్తుల కోసమైనా కూర్చుని వినాల్సిందే. సులువైన స్థాయిలో అలంకారంగా కనిపించిన సంభాషణ ఇక్కడ ఆయుధంగా అక్కరకొస్తుంది.

వేళ్ల వేగమే అన్నీ కాదనడానికి ఇంకో నిదర్శనం ఉంది. శక్తుల పట్టికను తెరిచే బటన్ నొక్కి ఉంచినంతసేపు ఆట కదలకుండా ఆగిపోతుంది. ఎగిరే తూటా గాలిలోనే నిలుస్తుంది. ఆ విరామంలో చుట్టూ చూసి, ఎవరి పొర ఎంత మిగిలిందో లెక్కేసి, ఇద్దరు సహచరులకూ చెరో పని అప్పగించవచ్చు. నార్మల్‌లో ఆడేవారికి ఆ బటన్‌తో పెద్దగా పని పడదు. ఇన్‌సానిటీలో యుద్ధం చాలావరకు ఆ విరామంలోనే జరుగుతుంది. చూసేవారికి తుపాకీ పోరాటంలా కనిపించేది ఆడేవారికి చదరంగానికి దగ్గరగా ఉంటుంది.

కష్టంలోనూ రెండు రకాలు

కఠిన స్థాయిలన్నీ ఇంత నేర్పుగా ఉండవు. శత్రువు ప్రాణం అంకెను పెంచి చేతులు దులుపుకోవడం తయారీదారులకు అన్నిటికన్నా సులువైన దారి. పది తూటాలకు పడేవాడు నలభై తూటాలకు పడతాడు. అందులో కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు, ఓపిక నశించడం తప్ప. ‘మాస్ ఎఫెక్ట్’ తొలి భాగంలోని ఇన్‌సానిటీ మీద ఈ విమర్శ ఉంది. శత్రువులు ఇమ్యూనిటీ అనే శక్తి వాడితే తూటాలు వారికి దోమకాట్లతో సమానం. అది ముగిసేదాకా కాలుస్తూనో, కాచుకునో ఉండాలి.

రెండో రకం కష్టం అంకెలతో ఆగదు, ఆట నియమాలనే మారుస్తుంది. 2010 అక్టోబరులో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’లోని హార్డ్‌కోర్ పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. అణుయుద్ధం తర్వాతి మొహావీ ఎడారిలో నడిచే ఆ కథలో, ఆ పద్ధతి ఎంచుకుంటే దాహం, ఆకలి, నిద్ర వెంటాడతాయి. తూటాలకూ బరువుంటుంది. మందు వేసుకున్న వెంటనే గాయం మానదు. తోటివారు చనిపోతే ఇక తిరిగిరారు. ఎడారిలో నీటి విలువ ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

‘ఫాలౌట్ 4’కు 2016లో కొత్త రూపు దిద్దిన సర్వైవల్ స్థాయి ఇంకో మెట్టు పైకెక్కింది. పడక దొరికి నిద్రపోతే తప్ప ఆట సేవ్ కాదు. మ్యాప్ మీద వేలు పెట్టి క్షణంలో ఊరు మారే సౌకర్యమూ లేదు. దెబ్బలు మాత్రం ఇరుపక్షాలకూ గట్టిగానే తగులుతాయి. దాంతో మామూలుగా కళ్లు మూసుకుని దాటేసే వీధి మలుపు దగ్గర కూడా ఆగి, తొంగిచూసి, వెనక్కి తగ్గాలా వద్దా అని ఆలోచించాలి. గంట కష్టం ఒక్క తప్పటడుగుతో గంగలో కలిసే ప్రమాదం ఉంది కాబట్టి బోస్టన్ శిథిలాల్లో భయం నిజంగానే పుడుతుంది.

‘మాస్ ఎఫెక్ట్ 2’ ఈ రెండింటికీ నడుమ ఉంది. పొరలు చేర్చడం పైకి అంకెల మార్పే. దాని ఫలితం మాత్రం నియమాల మార్పు లాంటిది. అలాగని లోపాలు లేకపోలేదు. కలెక్టర్ల ఓడలో గాలిలో తేలే పలకల మీద జరిగే పోరు చాలామందికి కొరకరాని కొయ్య. అటూ ఇటూ జరగడానికి చోటుండదు. శత్రువుల పలకలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరుతుంటాయి. హార్బింజర్ అనే శక్తి ఓ కలెక్టర్‌ను ఆవహిస్తుంది, వాణ్ని చంపితే మరొకణ్ని పడుతుంది. లోనికి దారి తెలిసినా బయటపడే దారి దొరకని అభిమన్యుడి పరిస్థితే.

ఓడినా విడవని మోజు

బయట ఎవరూ ఓటమిని కోరుకోరు. ఆటలో మాత్రం ఓడిపోతామని తెలిసీ డబ్బిచ్చి మరీ కొనుక్కుంటారు. డెన్మార్క్‌కు చెందిన పరిశోధకుడు యెస్పర్ యూల్ 2013లో వెలువరించిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఫెయిల్యూర్’ పుస్తకంలో చర్చించిన చిక్కుముడి ఇదే. మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ 1990 నాటి తన ‘ఫ్లో’ పుస్తకంలో చెప్పిన సూత్రం దీనికి కొంత జవాబిస్తుంది. పని మరీ సులువైతే విసుగు, మరీ కష్టమైతే కంగారు. సామర్థ్యానికి తగిన సవాలు ఎదురైనప్పుడే మనిషి ఒళ్లు మరిచి పనిలో మునిగిపోతాడు. ఒకసారి ఆట ముగించిన వారికి నార్మల్ స్థాయి విసుగు పుట్టిస్తుంది. ఇన్‌సానిటీ వారిని మళ్లీ విద్యార్థుల్ని చేస్తుంది.

కాకపోతే చావు పాఠం చెప్పినప్పుడే ఈ సూత్రం పనిచేస్తుంది. ఎందుకు చచ్చామో తెలిస్తే మళ్లీ ప్రయత్నించబుద్ధవుతుంది. తెలియకపోతే కంట్రోలర్ విసిరికొట్టబుద్ధవుతుంది. హొరైజన్‌లో మొదటిసారి చచ్చినప్పుడు సయాన్ దెబ్బ గోడను దాటుతుందని తెలుస్తుంది. రెండోసారి, హస్క్‌లను ముందు వదిలించుకోవాలని. మూడోసారి, అసలు ఆ గోడ వెనక నిలబడటమే తప్పని. మంచి కఠిన స్థాయికీ చెడ్డదానికీ తేడా అదే.

గొప్పల పోటీ కూడా లేకపోలేదు. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు అచీవ్‌మెంట్ల పద్ధతి వచ్చాక ఎవరు ఏం సాధించారో పదిమందికీ కనిపిస్తోంది. ‘మాస్ ఎఫెక్ట్ 2’లోనూ ఇన్‌సానిటీకి ప్రత్యేక గుర్తింపు ఉంది. మధ్యలో స్థాయి తగ్గిస్తే అది దక్కదు. తగ్గించే మీట మాత్రం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. చూసేవారెవరూ లేని అర్ధరాత్రి ఆ మీట జోలికి పోకుండా ఉండటమే ఆటలోని మరో పరీక్ష.

ఈ గొప్ప కొన్నిసార్లు వెటకారంగా మారుతుంది. సులువుగా ఆడేవారు అసలు ఆడినట్టే కాదన్న వాదన అలా పుట్టిందే. అందులో న్యాయం లేదు. చేతివేళ్లు సహకరించని వారున్నారు, వారానికి రెండు గంటలే తీరిక దొరికే వారున్నారు, కేవలం కథ కోసం వచ్చేవారున్నారు. బయోవేర్ కూడా ఆ సంగతి గుర్తించింది. ‘మాస్ ఎఫెక్ట్ 3’లో ఇన్‌సానిటీని ఉంచుతూనే, పోరాటాన్ని బాగా తేలిక చేసే నెరేటివ్ స్థాయిని చేర్చింది. ఒక కొసను తెరిచినంత మాత్రాన రెండో కొసకు నష్టమేమీ జరగలేదు.

స్థాయికి లొంగని కష్టం

అయితే ‘మాస్ ఎఫెక్ట్ 2’లోని అసలు కష్టం ఏ మీటకూ లొంగదు. చివర వచ్చే ఆత్మాహుతి దాడిలో ఎవరిని ఏ పనికి పంపాలో షెపర్డ్ తేల్చుకోవాలి. ఇరుకు గొట్టంలోంచి వెళ్లి తలుపులు తెరిచేదెవరు? రెండో దళానికి నాయకత్వం ఎవరిది? జట్టు చుట్టూ బయోటిక్ రక్షణ వలయాన్ని నిలబెట్టగలిగేదెవరు? మనిషిని తప్పుగా ఎంచితే ప్రాణాలు పోతాయి. విధేయత దక్కని వారికి ముప్పు ఇంకా ఎక్కువ. సహచరుల్లో కనీసం ఇద్దరైనా మిగలకపోతే షెపర్డ్ కూడా దక్కడు.

ఈ నిర్ణయాలు క్యాజువల్‌లోనూ, ఇన్‌సానిటీలోనూ ఒక్కలాగే ఉంటాయి. అపహరణకు గురైన ఓడ సిబ్బంది విషయమూ అంతే. వెంటనే బయల్దేరితే అందరూ దక్కుతారు. ఇంకేదో పని చక్కబెట్టుకుని వెళ్దామని తాత్సారం చేస్తే వారిలో కొందరు, మరీ ఆలస్యమైతే దాదాపు అందరూ ప్రాణాలు కోల్పోతారు. ప్రతి పొరనూ ఒలవడం నేర్చి, గురి తప్పకుండా అక్కడిదాకా వచ్చినవారికి కూడా ఖాళీ గాజు గొట్టాలే కనిపించవచ్చు.