గళ్లగుడ్డ లెక్క

నారాయణపేట చేనేత చీరలకు పేరు పొందిన ఊరు. 2019వ సంవత్సరమున అది తెలంగాణ రాష్ట్రమునందు ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. నడుమ గళ్లు, ప్రక్కల నిండైన అంచు - ఇవి అచటి చీరలకు గుర్తులు. పడుగు పోగులును పేక పోగులును లెక్క తప్పక కుదిరిననే గళ్లు సమముగా వచ్చును. అట్టి గళ్లనుండి పోటీపరీక్షలలో వచ్చునటువంటి ఒక చక్కని లెక్కను కల్పింపవచ్చును.

ఒక దీర్ఘచతురస్రాకారపు గుడ్డ సమానమైన చదరపు గళ్లతో నిండియున్నదనుకొనుడు. చుట్టును అంచు వెంబడి ఒక్క వరుస గళ్లు ఎరుపు. లోపలి గళ్లన్నియు తెలుపు. ఎఱ్ఱ గళ్లెన్నియో తెల్ల గళ్లును అన్నియే. అయినచో గుడ్డ పొడవున ఎన్ని గళ్లు, వెడల్పున ఎన్ని గళ్లు ఉండవలెను?

కొందరు విద్యార్థులు వెంటనే అంకెలు వేసి చూతురు. పొడవున 8, వెడల్పున 6 అనుకొన్నచో మొత్తము 48 గళ్లు. అంచు వరుస పోగా లోపల 6 × 4, అనగా 24 గళ్లు మిగులును. ఎఱ్ఱనివియు 24. జవాబు దొరకినది. కాని ఇంకొక జవాబు లేదని ఎట్లు తెలియును? ఎన్ని అంకెలు వేసి చూచినను, చూడనివి ఇంకను మిగిలియే యుండును. ఉన్న జవాబులన్నియు దొరకినవని నిరూపించిన నాడే లెక్క పూర్తియైనట్లు.

పొడవున ప, వెడల్పున వ గళ్లు ఉన్నవనుకొనుడు. మొత్తము గళ్లు ప × వ. రెండు ప్రక్కల ఒక్కొక్క వరుస పోవును గనుక లోపలివి (ప − 2) × (వ − 2). మొత్తము లోపలివానికి రెట్టింపు కావలెను.

పవ = 2 (ప − 2) (వ − 2)

దీనిని విడదీసి సరిచేసినచో ఇట్లగును.

పవ − 4ప − 4వ + 8 = 0

ఇందు లబ్ధమును మొత్తమును కలగలసియున్నవి. చిక్కంతయు ఇచటనే కలదు. రెండు పూర్ణసంఖ్యల మొత్తము 8 అన్నచో 1, 7, 2, 6, 9, −1, 10, −2 - ఇట్లు జతలకు అంతు లేదు. లబ్ధము 8 అన్నచో 1 × 8, 2 × 4, వాని ఋణసంఖ్యలు తప్ప వేరు జత లేదు. కాబట్టి సమీకరణమును ఒక్క లబ్ధముగా మార్చుటయే ఉపాయము.

గుడ్డనుండి పొడవు వెంబడి 4 వరుసలు, వెడల్పు వెంబడి 4 వరుసలు తీసివేసినట్లు ఊహింపుడు. 4ప, 4వ అని రెండింటిని తీసివేసినప్పుడు, మూలనున్న 4 × 4 గళ్లు రెండుమారులు లెక్కకు వచ్చును. ఆ 16 గళ్లను ఒకమారు తిరిగి కలిపిననే మిగిలిన ముక్క సరిగా తేలును. అందుచే సమీకరణమునకు ఇరువైపుల 8 కలుపవలెను.

(ప − 4) (వ − 4) = 8

కారణాంకములు 8, 1 అయినచో గుడ్డ 12 × 5. 4, 2 అయినచో 8 × 6. ఋణసంఖ్యలు గ్రహించినచో ఒక ప్రక్క గళ్లు సున్నయో, అంతకు తక్కువయో అగును. అట్టి గుడ్డ ఉండదు. కావున జవాబులు రెండే, మూడవది లేదు. 12 × 5 గుడ్డలో మొత్తము 60, లోపల 10 × 3, అనగా 30. లెక్క సరిపోయినది.

ఈ ఉపాయము నేటిది కాదు. 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణితమునందు తెలియని రెండు రాశుల లబ్ధమునకు భావితమని పేరిడి, ఇట్టి లెక్కలను కారణాంకములతోనే సాధించెను. అతని ఉదాహరణమొకటి: రెండు సంఖ్యలలో మొదటిదానికి 4 రెట్లు, రెండవదానికి 3 రెట్లు, మరియొక 2 కలిపినచో ఆ రెండింటి లబ్ధమగును. పై రీతిని దీనిని మార్చినచో, మొదటిదానినుండి 3, రెండవదానినుండి 4 తీసివేయగా వచ్చిన సంఖ్యల లబ్ధము 14 అగును. 1 × 14 గ్రహించినచో 4, 18 అను జత వచ్చును. ధనసంఖ్యలలో ఇంకను మూడు జతలు కలవు. వానిని కనుగొనుటయే కాక, నాలుగవది లేదని చూపుటయు విద్యార్థుల వంతు.