సరుకు ఎక్కడికి చేరితే అక్కడి పన్ను

అమెరికాలో ఇంటి నుంచే చీరలు, పచ్చళ్లు, పూజా సామగ్రి ఆన్‌లైన్‌లో అమ్మే తెలుగువారు ఉన్నారు. టెక్సాస్‌లో ఉండి కాలిఫోర్నియాకు చీర పంపితే సేల్స్ ట్యాక్స్ ఎవరికి కట్టాలన్నది వారికి తప్పని ప్రశ్న.

ముందుగా తెలుసుకోవలసింది, అమెరికాలో దేశమంతటికీ ఒకే అమ్మకపు పన్ను లేదు. 45 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఎవరికి వారే వసూలు చేస్తాయి. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హ్యాంప్‌షైర్, ఒరెగాన్‌లలో రాష్ట్ర స్థాయి పన్ను లేదు. అలాస్కాలో మాత్రం కొన్ని స్థానిక సంస్థలు వేస్తాయి.

పన్ను వసూలు చేయాలంటే అమ్మకందారుకు ఆ రాష్ట్రంతో చట్టం గుర్తించే సంబంధం ఉండాలి. దీన్నే ‘నెక్సస్’ అంటారు. 1992లో క్విల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దుకాణమో, గిడ్డంగో, ఉద్యోగో అక్కడ ఉంటేనే ఈ సంబంధం ఉన్నట్టు. 2018 జూన్‌లో వేఫేర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ షరతును తొలగించింది. అప్పటి నుంచి అమ్మకాల పరిమాణమే ఆ సంబంధానికి సరిపోతుంది.

ఆ పరిమాణానికి పెట్టిన పరిమితి అన్ని రాష్ట్రాల్లో ఒకటి కాదు. చాలా రాష్ట్రాల్లో ఏడాదికి లక్ష డాలర్లు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో 5 లక్షలు. న్యూయార్క్‌లో 5 లక్షల డాలర్లతో పాటు వందకు మించిన లావాదేవీలు కూడా ఉండాలి.

టెక్సాస్‌లో ఇంటి నుంచి వ్యాపారం చేసే ఒకావిడ ఏడాదిలో కాలిఫోర్నియాకు 40 వేల డాలర్ల చీరలు అమ్మారనుకుందాం. కాలిఫోర్నియాలో ఆమెకు వేరే సంబంధమేదీ లేకపోతే అక్కడి పన్ను వసూలు చేయనక్కరలేదు. టెక్సాస్ కొనుగోలుదారుల దగ్గర మాత్రం మొదటి చీర నుంచే వసూలు చేయాలి, ఎందుకంటే ఆమె ఉన్నది అక్కడే. సరుకును మరో రాష్ట్రంలోని అమెజాన్ గిడ్డంగిలో ఉంచితే అక్కడా నెక్సస్ ఏర్పడవచ్చు.

వస్తువును బట్టి కూడా లెక్క మారుతుంది. న్యూజెర్సీ, మిన్నెసోటా సాధారణ దుస్తులపై పన్ను వేయవు. న్యూయార్క్‌లో ఒక్కో వస్త్రం ధర 110 డాలర్ల లోపైతే రాష్ట్ర పన్ను లేదు.

అమెజాన్, ఎట్సీల ద్వారా జరిగే అమ్మకాలపై పన్నును ఆ సంస్థలే వసూలు చేసి కడతాయి. సొంత వెబ్‌సైట్, వాట్సాప్ ఆర్డర్ల బాధ్యత అమ్మినవారిదే. పరిమితి లెక్కలో కొన్ని రాష్ట్రాలు అమెజాన్ వంటి వేదికల అమ్మకాలనూ కలుపుతాయి.

పరిమితి దాటితే ముందు ఆ రాష్ట్రంలో రిజిస్టర్ కావాలి, ఆ తర్వాతే పన్ను వసూలు చేయాలి. రిజిస్టర్ అయ్యాక, అమ్మకాలు లేని కాలానికి కూడా సాధారణంగా రిటర్న్ వేయాలి. వసూలైన పన్ను వ్యాపారి సొమ్ము కాదు, ప్రభుత్వం తరఫున దాచినది. దాన్ని పెట్టుబడిగా వాడుకుంటే పెనాల్టీలతో ఆగకపోవచ్చు, క్రిమినల్ కేసు దాకా వెళ్లవచ్చు.

ఇప్పటికే పరిమితి దాటి పన్ను కట్టనివారికి చాలా రాష్ట్రాలు స్వచ్ఛందంగా వెల్లడించే అవకాశం ఇస్తున్నాయి. నోటీసు రాకముందే వెళితే సాధారణంగా కొన్నేళ్ల బకాయి, వడ్డీతో సరిపోతుంది, పెనాల్టీ తప్పుతుంది. అందుకే ప్రతి నెలా రాష్ట్రాలవారీగా అమ్మకాల పట్టిక రాసుకోండి. ఏదైనా రాష్ట్రంలో అమ్మకాలు పరిమితికి చేరువవుతుంటే ఆ నెలలోనే పన్ను నిపుణుణ్ని కలవండి.