పెళ్ళి కెమెరాతో గురుగ్రహం

తెల్లవారుజామున పొలానికి పోయేవాళ్ళకి వేగుచుక్క తెలుసు. కొన్ని నెలలు అది తూర్పున దీపంలా వెలుగుతుంది. అది శుక్రగ్రహం. మన భూమి లాంటిదే ఒక పెద్ద గుండ్రటి గోళం. దానికి సొంత వెలుగు లేదు. సూర్యుడి వెలుగు పడి మెరుస్తుంది.

గురుగ్రహం కూడా అంతే. అది భూమి కంటే 11 రెట్లు వెడల్పు. చాలా దూరంలో ఉంది కాబట్టి చుక్కలా కనిపిస్తుంది. పెళ్ళిళ్ళలో వాడే కెమెరాతో దాన్ని ఫోటో తీయొచ్చు. దాని చుట్టూ తిరిగే చందమామలను కూడా తీయొచ్చు.

ఏమేమి కావాలి?

లెన్సు మార్చే వీలున్న కెమెరా కావాలి. పందిట్లో దూరంగా నిలబడి పెళ్ళికూతురి ముఖాన్ని దగ్గరగా తీసే పొడుగు లెన్సు కావాలి. దాన్ని టెలిఫోటో లెన్సు అంటారు. దాని మీద 200, 300 అని అంకెలుంటాయి. 300 ఉంటే మంచిది. కెమెరా కదలకుండా మూడుకాళ్ళ స్టాండు కావాలి. ఇవన్నీ కొనక్కర్లేదు. ఫోటో స్టూడియో వాళ్ళ దగ్గర ఉంటాయి. సంఘంలో నలుగురు కలిసి అడిగితే ఒక రాత్రి తెచ్చి చూపిస్తారు.

ఎట్లా గుర్తుపట్టాలి?

నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి. గ్రహాలు నిలకడగా వెలుగుతాయి. నడిరాత్రి వేళ మిణుకుమనకుండా, తెల్లగా, అన్నిటికంటే ఎక్కువ వెలిగే చుక్క ఉందా? అది గురుగ్రహమే కావచ్చు. శుక్రుడు నడిరాత్రి కనిపించడు.

ఎట్లా తీయాలి?

స్టాండును గట్టి నేల మీద పెట్టాలి. చీకట్లో కెమెరా తనంతట తాను సరిగా ఫోకస్ చేయలేదు. అందుకని లెన్సును చేత్తో మెల్లగా తిప్పాలి. చుక్క బాగా చిన్నగా, స్పష్టంగా కనిపించిన చోట ఆపాలి.

బటన్ నొక్కితే కెమెరా అదురుతుంది. బొమ్మ చెదురుతుంది. గ్రూపు ఫోటోకి వాడే టైమరు పెట్టి, చెయ్యి తీసేయాలి.

ఐ.ఎస్.ఓ. అంకె 800 దగ్గర పెట్టాలి. అర సెకను చాలు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క గీతలా సాగుతుంది. ఎందుకు? భూమి తిరుగుతోంది కదా! ఆ తిరగడమే ఫోటోలో పడుతుంది.

జాగ్రత్త! లెన్సును ఎప్పుడూ సూర్యుడి వైపు తిప్పి చూడకూడదు. కళ్ళు పోతాయి.

ఫోటోలో ఏం కనిపిస్తుంది?

300 లెన్సుతో తీస్తే కెమెరా లోపల చందమామ బొమ్మ దాదాపు 3 మిల్లీమీటర్లు పడుతుంది. గురుగ్రహం బొమ్మ మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి ఫోటోను బాగా పెద్దది చేసి చూడాలి.

మధ్యలో తెల్లటి బొట్టు ఉంటుంది. అది గురుగ్రహం. దాని పక్కన ఒకే వరసలో రెండో, మూడో, నాలుగో చిన్న చుక్కలుంటాయి. అవే దాని చందమామలు. గురుడి మీది చారలు ఈ ఫోటోలో కనిపించవు. శనిగ్రహాన్ని తీసినా దాని చుట్టూ ఉండే వలయం విడిగా కనిపించదు. వాటికి టెలిస్కోపు కావాలి.

మర్నాడు అదే వేళకు ఇంకో ఫోటో తీయాలి. చుక్కలు చోటు మారి ఉంటాయి. అయో అనే చందమామ సుమారు 42 గంటల్లో గురుడిని చుట్టి వస్తుంది. కాలిస్టో అనే దానికి దాదాపు 17 రోజులు పడుతుంది.

నాలుగు చుక్కల కథ

1610 జనవరిలో ఇటలీ దేశంలో గెలీలియో ఈ నాలుగు చుక్కలను టెలిస్కోపుతో చూశాడు. చూసింది చూసినట్టు కాగితం మీద గీసుకున్నాడు. ఆకాశంలో ఉన్నవన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయని అక్కడి పండితులు చాలామంది నమ్మే రోజులవి. ఈ చుక్కలు మాత్రం గురుడి చుట్టూ తిరుగుతున్నాయి!

భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని ఆయన రాశాడు. అందుకు 1633లో రోములో చర్చి పెద్దలు ఆయనను విచారించి శిక్ష వేశారు. 1642లో చనిపోయేదాకా ఆయన కాపలాలోనే బతికాడు.

ఆయన చూసిన చుక్కలను ఈ రోజు ఎవరైనా చూడొచ్చు. ఒకరు చెప్పారని నమ్మక్కర్లేదు. నాలుగు రాత్రులు నాలుగు ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోకూ తేదీ, టైము నోటుబుక్కులో రాసుకోండి. ఫోటోలను వరసగా పెట్టి చూడండి. ఏ చుక్క ఎటు జరిగిందో మీరే చెప్పగలరు.