చందమామ మీద నీళ్లు

అక్కల్లారా! చందమామను చూపించి పిల్లలకు బువ్వ పెడతాం కదా. ఆ చందమామ మీద నీళ్లున్నాయా?

అంతా ఎండిన నేలే అని చాలా కాలం అనుకున్నారు. 2008 అక్టోబరు 22న మన దేశం శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1ని పంపింది. అది చందమామ చుట్టూ తిరిగింది. అక్కడి మట్టిలో నీటి జాడ ఉందని 2009లో తెలిసింది.

అవి మన చెరువులో నీళ్ల లాంటివి కావు. కడవ ముంచలేం. చందమామ దక్షిణపు కొసన లోతైన గుంటలున్నాయి. కొన్నిటి అడుగున ఎండే పడదు. అక్కడ నీరు మంచుగడ్డలా ఉంది.

ఆ నీళ్లతో ఏం పని? దూరం నుంచి బిందె మోసే ఆడవాళ్లకు నీటి విలువ తెలుసు. చందమామ సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరం. రేపు మనుషులు అక్కడ ఉండాలంటే ఇక్కడి నుంచి నీళ్లు మోయగలమా? అక్కడే దొరికితే ఎంత మేలు!

2019లో చంద్రయాన్-2 వెళ్లింది. నేల మీద దిగాల్సిన యంత్రం పడి పాడైంది. మనవాళ్లు వదల్లేదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతికారు. దిద్దుకున్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణపు కొసకు దగ్గరలో మెల్లగా దిగింది. ఆ కొసకు అంత దగ్గరగా అంతకుముందు ఏ దేశమూ క్షేమంగా దిగలేదు. ఈ పని నడిపించిన వాళ్లలో కల్పన అనే మహిళా ఇంజనీరు ఉన్నారు.

అక్కడ నేల వేడి కొలిచారు. పైన మట్టి 50 డిగ్రీలు దాటి కాలుతోంది. బెత్తెడు లోతున మాత్రం నీరు గడ్డకట్టేంత చలి! ఆ మట్టి పొడి దుమ్ము. వేడిని కిందికి పోనివ్వదు. అందుకే లోపల మంచు కరగకుండా ఉండే వీలుంది.

ఈ రాత్రి బువ్వ పెట్టేటప్పుడు పిల్లలకు ఈ సంగతి చెప్పండి.