మిల్లింగ్ మెషీన్: స్పిండిల్ లంబత్వం, సంరక్షణ

ఇంటి షెడ్డులోని మిల్లింగ్ మెషీన్‌పై చదును చేసిన ముక్క మీద వేలితో రాస్తే, కట్టర్ నడిచిన దారుల మధ్య ఒక్కోసారి చిన్న మెట్టు తగులుతుంది. కట్టర్ మొద్దుబారిందని చాలామంది దాన్ని మారుస్తారు. అంతకుముందు స్పిండిల్ టేబుల్‌కు లంబంగా ఉన్నదీ లేనిదీ చూడాలి.

మెయిన్ స్విచ్ ఆపండి. జిబ్‌ల వదులు సరిచేయండి. వదులుంటే డయల్ చూపే అంకెకు అర్థం లేదు. స్పిండిల్‌కు డయల్ ఇండికేటర్ బిగించి, దాని మొన కేంద్రం నుంచి 100 మి.మీ. దూరంలో టేబుల్‌ను తాకేలా ఉంచి, చేత్తో తిప్పండి. టి-స్లాట్ వద్ద మొనను ఎత్తి దాటించాలి. ఎడమ, కుడి రీడింగుల తేడా 0.10 మి.మీ. అనుకుందాం. ఆ రెండు బిందువుల మధ్య దూరం 200 మి.మీ. కనుక వాలు 0.10 ÷ 200 = 0.0005. 50 మి.మీ. కట్టర్‌ను ముందు వెనుకలకు నడిపితే, పక్కపక్క దారుల మధ్య 50 × 0.0005 = 0.025 మి.మీ. మెట్టు వస్తుంది. అదే కట్టర్‌ను ఎడమ కుడులకు పూర్తి వెడల్పున నడిపితే దారి నడుమ 0.0125 మి.మీ. గుంట పడుతుంది. ఇది వేలికి అందదు. పంపుసెట్టు బేరింగ్ కూర్చునే రంధ్రం ఇలా ఒరిగితే మాత్రం బేరింగే చెబుతుంది, త్వరగా అరిగి.

హెడ్ తిరిగే రకమైతే బోల్టులు కొద్దిగా వదిలి, తేడా పోయేవరకు మెల్లగా తట్టాలి. బిగించాక మళ్లీ చూడటం తప్పనిసరి, బిగింపులోనే హెడ్ కదులుతుంది. తిరగని రకానికి కాలమ్ అడుగున పలుచని షిమ్ పెడతారు. ముందు వెనుకల వాలునూ ఇలాగే పరీక్షించాలి.

ఒకసారి సరిచేసింది అలాగే ఉండదు. తెనాలి, రేపల్లె వైపు నల్లనేల వేసవిలో నెర్రెలిచ్చి, వానలకు ఉబ్బుతుంది. పలుచని గచ్చు మీది స్టాండు దానితోపాటే మెలి తిరిగి, మెషీన్ బేస్‌నూ మెలి తిప్పవచ్చు. కనుక వేసవి చివర ఒకసారి, వానలు ముదిరాక ఒకసారి టేబుల్ మీద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. సూర్యలంక తీరానికి దగ్గరగా ఉన్న బాపట్లలో శత్రువు ఉప్పుగాలి. చెమట చేతి ముద్ర కూడా పోత ఇనుము మీద తుప్పుగా మారుతుంది. పని ముగియగానే రజను బ్రష్‌తో ఊడ్చి, జారుదారులకు 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిల్ పూయండి. గాలి కొట్టడం సులువే కాని, అది రజనును జిబ్‌ల సందుల్లోకి తోస్తుంది.

అభ్యాసం: డయల్ మొన 75 మి.మీ. దూరంలో తిరిగినప్పుడు ఎడమ, కుడి తేడా 0.06 మి.మీ. 40 మి.మీ. కట్టర్‌ను ముందు వెనుకలకు నడిపితే మెట్టు ఎంత? (జవాబు: 0.016 మి.మీ.)