పల్లపు గడ్డిబీడులోని వసంతపుష్పములు

వ్యవసాయమునకును అడవిపూలకును పొత్తు కుదరదని తలచువారు పెక్కండ్రు గలరు. కొన్ని తావుల కర్షకుని కొడవలియు పసులమందయునే పూలకు రక్షయని తెలుపుటకు ఇంగ్లండు దేశపు ఉదాహరణ మొకటి పాఠకులకు విన్నవించుచున్నాము.

విల్టుషైరు మండలమున క్రిక్లేడను చిన్న పట్టణము చెంత, థేమ్సు నదికిని చర్ను అను ఏటికిని నడుమ, నార్తు మెడో అను ప్రాచీనమైన గడ్డిబీడు గలదు. ఏటేట ఏప్రిలు మాసమున నిచట ఫ్రిటిల్లరీ యను దుంపమొక్క పూయును. పువ్వు గంటవలె తల వంచుకొని యుండును. ఊదారంగు రేకులపై చదరంగపు పలకవలె గళ్లు గానవచ్చును. నడుమనడుమ తెల్లపూలును గలవు. దీనికి 'పాముతల' యని వాడుక పేరు. బ్రిటనులో తనంత పెరుగు ఈ జాతి మొక్కలలో నూటికి 80 వంతులు ఈ యొక్క బీడునందే యున్నవని చెప్పుదురు.

ఇచటి యేర్పాటు మిక్కిలి పాతది. శీతకాలమున నదులు పొంగి బీడును ముంచి, సన్నని ఒండ్రును విడిచిపోవును. ఫిబ్రవరి 12వ తేదీతో పసుల మేపు ఆగును. పూలు పూచి, కాయలు పండి, విత్తులు రాలువరకు గడ్డిని ముట్టరు. జూలై మాసమున కోసి, యెండబెట్టి, తరలింతురు. ఆగస్టు 12వ తేదీ మొదలు పసులను ఉమ్మడిగా మేపుదురు. ఎవరి గడ్డివాటా యెంతవరకో తెలుపు హద్దురాళ్లు అచట గలవు. మేపు హక్కులను 'కోర్టు లీటు' అను ప్రాచీన సభ చూచుకొనును.

ఇందలి కారణము తెలిసికొనదగినది. గడ్డిని కోసి తీసికొనిపోవుటచే, ఒండ్రు తెచ్చిన సారము, అందును భాస్వరము, నేలలో మితిమీరి చేరదు. సారము హెచ్చినచో మోటు గడ్డిజాతులు ఎత్తుగా పెరిగి పూమొక్కలను నీడలో నణచివేయును. పసులు మిగిలిన గడ్డిని మేయును. వాని గిట్టల త్రొక్కుడుచే విత్తులు మొలచుటకు చోటేర్పడును. విత్తు మొలచి పూయుటకు ఈ మొక్కకు పెక్కేండ్లు పట్టును. కావున తొందరపడి కోసినచో విత్తనము నశించును. కోయక విడిచినను బీడు చెడును.

ఇట్టి బీళ్లు నేడు అరుదు. 1930 ప్రాంతము మొదలు 1984 వరకు ఇంగ్లండు, వేల్సులలో పూలతో నిండిన గడ్డిబీళ్లు నూటికి 97 వంతులు నశించినవి. కొన్నిటిని దున్నిరి, కొన్నిట కాలువలు త్రవ్వి తడి తీసివేసిరి, కొన్నిట రసాయనపు ఎరువులు చల్లిరి. నార్తు మెడోను 1973లో జాతీయ ప్రకృతి రక్షితస్థలముగా ప్రకటించిరి. అయినను అపాయము తీరలేదు. వసంతమునను వేసవియందును వరదనీరు చిరకాలము నిలిచినచో దుంపలకు కీడు, గడ్డి కోత సాగదు, తుంగజాతులు ప్రబలును. 2012వ సంవత్సరపు వేసవి ఆ దేశమున నట్టి వానలతోనే గడచినది. పూలను చూడవచ్చు జనులు బాట విడిచి నడచినను మొక్కలు నలిగిపోవును.

కోతకు తేదీయు, మేపునకు హద్దును, వానిని పాటింపజేయు సభయు నుండుటచేతనే ఈ బీడు అందరి పసులకు మేతనిచ్చుచు పూలను నిలుపుకొనుచున్నది. మన గ్రామములయందలి ఉమ్మడి మేతబీళ్లను గూర్చి యోచించునపుడు సభ్యులు దీనిని జ్ఞప్తియం దుంచుకొందురుగాక యని కోరుచున్నాము.